వాయిద్యం పట్టని కండక్టర్‌కి అంత పేరెందుకు?

2025 మార్చి 8న లండన్‌లో ఇళయరాజా గారి సింఫనీ (పెద్ద ఆర్కెస్ట్రా కోసం రాసే పొడుగాటి సంగీతం) 'వాలియంట్' వాయించారు కదా, ఆ వారమంతా మా ఇంట్లో అదే కబుర్లు. మా చిన్నాన్న కీబోర్డు వాయిస్తాడు, విజయనగరం చుట్టుపక్కల సంక్రాంతికీ పైడితల్లమ్మ పండక్కీ పెళ్ళిళ్ళకీ పెట్టే ఆర్కెస్ట్రాల్లో. ఫోన్‌లో వీడియో ముక్కని రెండుసార్లు వెనక్కి తిప్పి చూసి నన్నడిగాడు, "ఏట్రా, రాసింది రాజాగారు, వాయించింది ఆలు, మరి మధ్యన కర్ర ఊపుతన్నాయన ఏటి చేసినాడు?"

కర్ర ఊపిన ఆయన పేరు మికెల్ టామ్స్, ఆ రోజు రాయల్ ఫిల్హార్మోనిక్ కన్సర్ట్ ఆర్కెస్ట్రాని నడిపిన కండక్టర్. చిన్నాన్న అడిగింది చిన్న ప్రశ్నేం కాదు. ఒక్క స్వరం కూడా పలికించని మనిషికి పోస్టర్ మీద పేరెందుకు, చివర్లో అందరికంటే ముందు నించుని దణ్ణం పెట్టేది ఆయనెందుకు, ఇంకాస్త లోపలికెళ్తే ఒకే మనిషి ఈ వారం సింఫనీ, వచ్చే వారం ఒపెరా (పాటతోనే నడిచే నాటకం), ఆ పై నెల సినిమా సంగీతం ఎలా నడిపించగలడు, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. నాకు తెలిసినంతలో ఒక్కొక్కటీ విప్పి చెప్తాను.

మూడు మాటలు, రెండేసి అర్థాలు

గందరగోళంలో సగం మాటల వల్లే. మనవైపు "ఊళ్ళో ఆర్కెస్ట్రా ఎట్టినారు" అంటే స్టేజీ, ఇద్దరు ముగ్గురు సింగర్లు, కీబోర్డు, ప్యాడ్స్, గిటారు, నిలువెత్తు సౌండ్ బాక్సులు, తెల్లార్లూ సినిమా పాటలు. పాశ్చాత్య సంగీతంలో ఆర్కెస్ట్రా అంటే ఎనభై నుంచి వంద మంది దాకా వాయిద్యకారులు. అందులో సగం పైగా తీగ వాయిద్యాలే, అంటే వయొలిన్లు రెండు జట్లు, వాటికంటే కాస్త పెద్దది వయోలా, కూర్చుని కాళ్ళ మధ్య పెట్టుకుని వాయించే చెల్లో, మనిషికంటే ఎత్తుండే డబుల్ బాస్. వాటి వెనక ఫ్లూటు క్లారినెట్ లాంటి ఊదేవి, ఆ వెనక ఇత్తడి బాకాలు, చిట్టచివర డ్రమ్ములు. మైకుల్లేకుండా హాలంతా వినిపించాలి.

రెండోది కండక్టర్. మనకి ఆ మాట వినగానే ఆర్టీసీ బస్సూ టికెట్ మెషీనూ గుర్తొస్తాయి, తప్పేం లేదు. ఆర్కెస్ట్రా కండక్టర్ అంటే ఆ వంద మందినీ ఒకే ఊపులో నడిపించే మనిషి. పాత తెలుగు సినిమా టైటిల్స్‌లో సంగీత దర్శకుడి పేరు దగ్గర ఆర్కెస్ట్రా నిర్వహణ అని ఇంకో పేరు కనబడేది, ఆ పనికి చుట్టమే ఇది.

అసలు చిక్కు మూడో మాట దగ్గరుంది, మ్యూజిక్ డైరెక్టర్. మనకి మ్యూజిక్ డైరెక్టర్ అంటే ట్యూన్ కట్టేవాడు. అక్కడ ట్యూన్ కట్టేవాణ్ణి కంపోజర్ అంటారు, మ్యూజిక్ డైరెక్టర్ అంటే ఒక ఆర్కెస్ట్రాకి ముఖ్య కండక్టర్ అనే ఉద్యోగం. ఏ సీజన్లో ఏం వాయించాలి, సోలో వాయించడానికి ఎవర్ని పిలవాలి, ఖాళీ అయిన కుర్చీలోకి ఎవర్ని తీసుకోవాలి, వీటన్నిటిలో ఆయన మాట నడుస్తుంది. ఒక వారం వచ్చి నడిపించి వెళ్ళిపోయేవాడు గెస్ట్ కండక్టర్. ఈ తేడా తెలీకపోతే "ఫలానా ఆయన న్యూయార్క్‌లో మ్యూజిక్ డైరెక్టర్" అని చదివి ఏ సినిమాకబ్బా అని వెతుక్కుంటాం, నేనూ చిన్నప్పుడు అలాగే వెతికాను.

తాళం వేసే చెయ్యి వేరు, ఈ చెయ్యి వేరు

విజయనగరం వాళ్ళకి తాళం గురించి చెప్పక్కర్లేదు. 1919లో మహారాజా వారి సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారే మొదటి ప్రిన్సిపాల్, వయొలిన్‌కి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. స్టూడెంటుగా చేరదామని వచ్చిన నాయుడు గారి వయొలిన్ విని దాసు గారు ఏకంగా పాఠం చెప్పే ఉద్యోగంలోకి తీసుకున్నారని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి ఊళ్ళో పెరిగినవాడికి ఆదితాళం అంటే ఎనిమిది లెక్కలు, ఒక దెబ్బా మూడు వేళ్ళూ, తర్వాత రెండుసార్లు దెబ్బా విసురూ అని నిద్రలో లేపినా చేతికి వచ్చేస్తుంది.

కండక్టర్ చెయ్యి కూడా లెక్కే వేస్తుంది. నాలుగు లెక్కలైతే కిందకి, ఎడమకి, కుడికి, పైకి. మూడైతే కిందకి, కుడికి, పైకి. ఇంతవరకూ మన తాళానికి దగ్గరే. కానీ ఒక పెద్ద తేడా ఉంది, నా మట్టుకు మొత్తం విషయానికి కీలకం అదే. తాళం వేసే చెయ్యి ఇప్పుడు జరుగుతున్నది చూపిస్తుంది, దెబ్బా స్వరం ఒకేసారి పడతాయి. కండక్టర్ చెయ్యి జరగబోయేది చూపిస్తుంది. లెక్క పడకముందే చెయ్యి పైకి లేస్తుంది, ఆ లేచే తీరులోనే ఎంత వేగం, ఎంత గట్టిగా, పొడిగానా సాగదీసా అన్నీ ఉంటాయి. చెయ్యి నెమ్మదిగా బరువుగా లేస్తే వంద మందీ ఒక రకంగా ఊపిరి తీస్తారు, చటుక్కున లేస్తే ఇంకో రకంగా.

బీథోవెన్ అయిదో సింఫనీ మొదలు అందరికీ తెలిసిందే, మూడు పొట్టి స్వరాలూ ఒక పొడుగు స్వరమూ. దాన్ని రెండు లెక్కల బార్‌లో రాశారు, బార్ అంటే మన ఆవర్తం లాంటిది. ఒక్కో లెక్కకి రెండు చొప్పున నాలుగు చోట్లు అనుకుందాం. మొదటి చోటు ఖాళీ. మూడు పొట్టి స్వరాలు మిగతా మూడు చోట్ల పడతాయి, పొడుగు స్వరం తర్వాతి బార్‌లో మొదలవుతుంది. మన భాషలో చెప్పాలంటే ఎత్తుగడ అనాగతం, తాళం మొదలయ్యాక పాట మొదలవడం. అనాగతంలో ఎత్తుకోవడం ఒక్కరికే ఎంత సాధన కావాలో పాడేవాళ్ళకి తెలుసు. అప్పటిదాకా హాలంతా నిశ్శబ్దం, పట్టుకోవడానికి ముందు నడుస్తున్న తాళం కూడా ఉండదు, అలాంటిచోట యాభై అరవై మంది తీగల వాళ్ళు ఒకే క్షణంలో ఆ ఖాళీ తర్వాత దూకాలి. కండక్టర్ ఒక్క చేతి విసురులో ఖాళీనీ వేగాన్నీ రెండిట్నీ చూపించేయాలి. కండక్టర్ల పోటీల్లో చాలా పెద్ద పనులకంటే ఇలాంటి చోట్లే మనిషి పనితనం బయటపడేది.

చెవులతో సర్దుకోవచ్చు కదా, మృదంగం వయొలిన్ వాళ్ళు గాయకుణ్ణి చూసుకుని వెళ్ళట్లేదా అని అడగొచ్చు. అక్కడ నలుగురూ మూరెడు దూరంలో కూర్చుంటారు. ఆర్కెస్ట్రాలో ఈ చివర వయొలిన్‌కీ ఆ చివర బాకాకీ మధ్య పదిహేడు మీటర్లుందనుకోండి. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి ఆ దూరం దాటడానికి సెకనులో ఇరవయ్యో వంతు, అంటే 0.05 సెకను. ఇంతేనా అనిపిస్తుంది. నిమిషానికి 150 లెక్కల వేగంలో లెక్కకి నాలుగు స్వరాలు వాయిస్తుంటే ఒక్కో స్వరం 0.1 సెకను. అంటే విని వాయించేవాడు సగం స్వరం వెనకబడిపోయినట్టే, వాడి శబ్దం మళ్ళీ ఇటు రావడానికి ఇంకో సగం. చెవిని నమ్ముకుంటే చెదిరిపోతుంది, కంటితో చూసి వాయించాలి. చిన్నాన్న వాళ్ళ స్టేజీ మీద ప్యాడ్స్ కుర్రాడు బాక్సుల మోతలో ఏమీ వినబడక చిన్నాన్న తల వైపే చూస్తుంటాడు, చరణం నుంచి పల్లవికి వచ్చే ముందు చిన్నాన్న గెడ్డం ఒక్క వేలెడు పైకి లేపుతాడు. అది కండక్టింగే, కాకపోతే అయిదుగురికి.

నడిపించడం, అనుసరించడం

వెర్సటైల్ కండక్టర్ అని పేపర్లో చదివితే అన్ని రకాల సంగీతం తెలిసినవాడు అనుకుంటాం. అది సగమే. ఒక్కో రకంలో ఎవరి మాట నెగ్గాలన్నది మారిపోతుంది, దానికి తగ్గట్టు తను మారగలగడమే అసలు పని.

సింఫనీలో కండక్టర్‌దే పూర్తి మాట. వేగం, బరువు, ఎక్కడ ఆగాలి, అన్నీ ఆయనే.

కన్సెర్టోలో ముందు ఒక సోలో వాయిద్యకారుడుంటాడు, మాట పంచుకోవాలి. 1962 ఏప్రిల్‌లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో బ్రామ్స్ మొదటి పియానో కన్సెర్టోకి పియానిస్టు గ్లెన్ గూల్డ్ బాగా నెమ్మది నడక కావాలన్నాడు. కండక్టర్ లెనార్డ్ బెర్న్‌స్టైన్‌కి అది నచ్చలేదు. వాయించే ముందు ప్రేక్షకుల వైపు తిరిగి, ఈ నడక నాకు ఒప్పుదల కాదు గానీ ఈయన ఆలోచన మీద గౌరవంతో నడిపిస్తున్నాను అని చెప్పి మరీ నడిపించాడు, కన్సెర్టోలో బాస్ ఎవరు అన్న ప్రశ్న కూడా అక్కడే వేశాడు. అలా ముందే చెప్పడం సోలోయిస్టుని తగ్గించడమే అని కొందరు, నిజాయితీ అని కొందరు అప్పట్నుంచీ వాదించుకుంటూనే ఉన్నారు.

ఒపెరా ఇంకా వేరు. మన వైపు పద్యనాటకం చూసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. నటుడు పద్యం చివర రాగం అందుకున్నాడంటే ఎంతసేపు తీస్తాడో ఎక్కడ ఊపిరి ఆపుతాడో హార్మోనిస్టుకి ముందు తెలీదు, జనం వన్స్ మోర్ అంటే మళ్ళీ అదే పద్యం, ఈసారి ఇంకో దారిలో. హార్మోనిస్టు కళ్ళు నటుడి గొంతు మీదే ఉంటాయి. ఒపెరా కండక్టర్ అలాంటి హార్మోనిస్టే, కాకపోతే ఆయన హార్మోనియంలో డెబ్భై మంది మనుషులుంటారు. స్టేజీ ముందు గోతిలాంటి చోట ఆర్కెస్ట్రా, పైన గాయకులు అటూ ఇటూ నడుస్తూ కత్తియుద్ధాలు చేస్తూ పాడుతుంటారు, వాళ్ళకి ఆర్కెస్ట్రా సరిగా వినబడదు, ఆర్కెస్ట్రాకి వాళ్ళు కనబడరు, ఇద్దరికీ కనబడే మనిషి ఒక్క కండక్టరే. అలా మూడు గంటలు.

ఇక సినిమా సంగీతంలో మాట బొమ్మది. సెకనుకి 24 ఫ్రేములు, తలుపు తెరుచుకున్న చోటే ఆ స్వరం పడాలి, చెవిలో లెక్క చెప్పే క్లిక్ కొడుతుంటుంది, ఊపొచ్చింది కదా అని ఒక్క లెక్క సాగదీయడానికి లేదు.

ఒక కెరీర్ దగ్గరగా: జుబిన్ మెహతా

మనకి బాగా తెలిసిన పేరు కాబట్టి ఆయన్నే తీసుకుందాం. 1936లో బొంబాయిలో పార్శీ ఇంట్లో పుట్టాడు. నాన్న మెహ్లీ మెహతా వయొలినిస్టు, బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టినాయన. డాక్టరు చదువు మొదలెట్టి మధ్యలో వదిలేసి 1954లో వియన్నా వెళ్ళి కండక్టింగ్ నేర్పే హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర చేరాడు.

వియన్నాలో పెద్ద కండక్టర్ల రిహార్సల్స్‌కి బయటవాళ్ళని రానిచ్చేవాళ్ళు కాదు. మెహతా, ఆయన తోటి స్టూడెంటు క్లాడియో అబాడో కలిసి ఒక ఉపాయం వేశారు, ఇద్దరూ కోరస్‌లో గాయకులుగా చేరిపోయారు. ఇంక ఎవరూ బయటకి పంపేది లేదు, పాడుతూ ఎదురుగా కండక్టర్ చెయ్యి ఎలా కదులుతోందో రోజూ చూడొచ్చు. ఇద్దరూ తర్వాత ప్రపంచమంతా తెలిసినవాళ్ళయ్యారు. కండక్టింగ్ నేర్చుకోవడంలో ఉన్న కష్టం ఇక్కడ కనబడుతుంది. వయొలిన్ అయితే ఇంట్లో కూర్చుని సాధన చేసుకోవచ్చు, కండక్టర్ వాయిద్యం వంద మంది మనుషులు, దాన్ని ఇంటికి తెచ్చుకోలేం.

1958లో లివర్‌పూల్‌లో కండక్టర్ల పోటీ గెలిచాడు, అక్కడే ఏడాది అసిస్టెంటు ఉద్యోగం. ఆ తర్వాత పైకొచ్చిన దారి ఎక్కువగా వేరేవాళ్ళు రాలేకపోయిన రోజులు. ఎవరో పెద్దాయనకి ఒంట్లో బాగోక మానేస్తే ఈయన్ని పిలిచేవాళ్ళు, వెళ్ళి నిలబెట్టేవాడు. బెర్న్‌స్టైన్ కథ కూడా ఇదే, 1943 నవంబర్‌లో బ్రూనో వాల్టర్‌కి ఫ్లూ వస్తే పాతికేళ్ళ అసిస్టెంటు రిహార్సల్ లేకుండా న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ముందు నిలబడ్డాడు, తెల్లారేసరికి పేపర్లలో పేరు. అదృష్టం అంటారు గానీ, ఆ రోజు ప్రోగ్రాం మొత్తం అప్పటికే బుర్రలో లేకపోతే ఆ అదృష్టం ఎందుకూ పనికొచ్చేది కాదు.

మెహతాకి పాతికేళ్ళు దాటకముందే వియన్నా, బెర్లిన్, ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాలు మూడింటినీ నడిపించే అవకాశం వచ్చింది. 1961 నుంచి 1967 దాకా మాంట్రియల్, 1962 నుంచి 1978 దాకా లాస్ ఏంజెలెస్, అంటే కొన్నేళ్ళు రెండు ఉద్యోగాలూ ఒకేసారి. తర్వాత 1978 నుంచి 1991 దాకా న్యూయార్క్. ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్‌తో 1969లో సలహాదారుగా మొదలై, 1977లో మ్యూజిక్ డైరెక్టరై, 2019లో దిగేవరకు యాభై ఏళ్ళు. ఈ మధ్యలోనే ఫ్లోరెన్స్‌లో ఒపెరా, 1998 నుంచి 2006 దాకా మ్యూనిక్‌లో బవేరియన్ స్టేట్ ఒపెరా.

పదవుల లిస్టు కంటే ఆయన చేసిన పనుల రకాలు చూడండి. 1970లో రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పాతో కలిసి లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్ కచేరీ. 1977లో హాలీవుడ్ బౌల్‌లో వేలమంది ముందు స్టార్ వార్స్ సంగీతం. 1981లో న్యూయార్క్‌లో పండిట్ రవిశంకర్ రెండో సితార్ కన్సెర్టో మొదటి ప్రదర్శన. 1990లో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఫైనల్ ముందు రోజు రాత్రి రోమ్‌లో ముగ్గురు పెద్ద టెనర్ (పైస్థాయిలో పాడే మగ గొంతు) గాయకుల కచేరీ. వియన్నా కొత్త సంవత్సరం కచేరీ అయిదుసార్లు. 2013లో శ్రీనగర్ షాలిమార్ తోటలో బవేరియన్ స్టేట్ ఆర్కెస్ట్రా.

వీటన్నిటిలో నాకు ఎక్కువ ఆశ్చర్యం 1992లో చేసింది. పుచ్చీని ఒపెరా 'టోస్కా' కథ రోమ్‌లో మూడు నిజమైన చోట్ల జరుగుతుంది, ఒక చర్చి, ఒక భవనం, ఒక కోట. ఆ ఒపెరాని అవే చోట్ల, కథలో చెప్పిన వేళల్లోనే పాడించి టీవీలో లైవ్ ఇచ్చారు. గాయకులు కోట మీద, మెహతా ఆర్కెస్ట్రాతో ఊళ్ళో ఇంకోచోట స్టూడియోలో. గాయకులకి ఆయన చెయ్యి దాచిపెట్టిన టీవీల్లో కనబడుతుంది, ఆయనకి వాళ్ళు తెర మీద కనబడతారు. హార్మోనిస్టు ఒక వీధిలో, నటుడు ఇంకో వీధిలో ఉండి పద్యం పాడటం అనుకోండి, అది కూడా లైవ్‌లో, మళ్ళీ తీసుకునే వీలు లేకుండా.

ఆయన మీద విమర్శ లేదా అంటే ఉంది. న్యూయార్క్ రోజుల్లో కొందరు విమర్శకులు పైపై మెరుపే గానీ లోతు తక్కువ అని రాశారు. అదే ఆర్కెస్ట్రా ఆయన్ని పదమూడేళ్ళు ఉంచుకుంది. రెండూ నిజమే.

ఇంకో దారిలో వచ్చినవాడు

అందరూ వియన్నా దారినే రాలేదు. ఆండ్రే ప్రెవిన్ 1929లో బెర్లిన్‌లో పుట్టి, నాజీల వల్ల దేశం వదిలిన కుటుంబంతో అమెరికా వచ్చి, కుర్రతనంలోనే హాలీవుడ్ స్టూడియోలో పనికి చేరాడు. సినిమా సంగీతానికి నాలుగు ఆస్కార్లు, పక్కన జాజ్ పియానో. అక్కణ్ణించి సింఫనీల వైపు తిరిగితే సినిమావాడు అని చాలామంది చిన్నచూపు చూశారు. 1968లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా ముఖ్య కండక్టర్ అయ్యాడు, 1979 దాకా ఉన్నాడు. రవిశంకర్ మొదటి సితార్ కన్సెర్టో 1971లో నడిపించింది ఈయనే. స్టూడియోలో ఈ పూట రాసింది రేపు పొద్దున్న రికార్డు చేయాలి, దాంతో తక్కువ టైంలో ఏది దిద్దాలో ఏది వదిలెయ్యాలో అక్కడే అలవాటైపోతుంది.

అన్నీ చేయాలా, కొన్నే చేయాలా

ఈ విషయంలో సంగీతం వాళ్ళు ఒక్కమాట మీద లేరు. కొన్నే చేయాలనేవాళ్ళు కార్లోస్ క్లైబర్‌ని చూపిస్తారు. 2004లో పోయిన ఈయన కెరీర్ మొత్తంలో చేతికి తీసుకున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టే ఒపెరాలూ సింఫనీలే, పేరొచ్చాక పెద్ద పదవులేవీ తీసుకోలేదు. ఆయన బీథోవెన్ అయిదో సింఫనీ రికార్డింగు ఇప్పటికీ గొప్పవాటిలో ఒకటిగా చెప్తారు. ఒకే రాగాన్ని గంటలకొద్దీ పాడే మన సంప్రదాయం వాళ్ళకి ఈ పద్ధతి మనసుకి దగ్గరగా అనిపిస్తుంది, నాక్కూడా.

రెండోవైపు వాళ్ళ మాట కూడా తీసెయ్యలేం. ఒక ఊరి ఆర్కెస్ట్రా ఏడాది పొడుగునా వాయించాలి, పిల్లలకీ పెద్దలకీ కొత్తవాళ్ళకీ. నాలుగే తెలిసిన మనిషితో ఆ ఊరి సీజన్ గడవదు. పైగా ఒపెరాలో గాయకుణ్ణి వినడం అలవాటైన కండక్టర్ సింఫనీలో వయొలిన్ల చేత కూడా పాడించగలడు.

ఇప్పుడు వేడిగా నడుస్తున్న వాదన ఫిన్లాండ్ కుర్రాడు క్లౌస్ మాకెలా మీద. 1996లో పుట్టాడు. 2020లో ఆస్లో, 2021లో పారిస్ ఆర్కెస్ట్రాలు చేతికొచ్చాయి, ఇంక 2027 నుంచి ఆమ్‌స్టర్‌డామ్ కన్సెర్ట్‌గెబౌ, షికాగో సింఫనీ రెండూ ఆయనకే ఇస్తున్నట్టు ప్రకటించారు. పెద్ద ఆర్కెస్ట్రాకి మ్యూజిక్ డైరెక్టర్ అంటే సాధారణంగా ఏడాదికి పది పద్నాలుగు వారాలు అక్కడుంటాడు. రెండు చోట్లకి పన్నెండు చొప్పున వేసుకుంటే ఇరవై నాలుగు వారాలు అయిపోయాయి, గెస్టుగా వెళ్ళేవీ, ప్రయాణాలూ, అన్నిటికంటే ముఖ్యంగా కొత్త స్కోర్లు (అందరి వరసలూ కలిపి రాసిన పుస్తకాలు) కూర్చుని చదువుకోడమూ మిగతా ఇరవై ఎనిమిది వారాల్లో సర్దాలి. ఇంత చిన్న వయసులో ఇంత మోత వద్దని కొందరంటున్నారు. మెహతా కూడా ఇరవైల్లో రెండు ఖండాల... కాదు, రెండు దేశాల ఆర్కెస్ట్రాలు ఒకేసారి మోశాడు కదా, వాయించేవాళ్ళే ఈయన్ని కోరుకుంటుంటే బయట మనకేంటి అని కొందరు.

ఇక కండక్టరే అక్కర్లేదన్న వాళ్ళూ ఉన్నారు. 1922లో మాస్కోలో పెర్సిమ్‌ఫాన్స్ అని కండక్టర్ లేని ఆర్కెస్ట్రా పెట్టారు, అందరూ ఒకరినొకరు చూసుకునేలా గుండ్రంగా కూర్చునేవాళ్ళు, పదేళ్ళు నడిచింది. న్యూయార్క్‌లో 1972లో మొదలైన ఆర్ఫియస్ ఛాంబర్ ఆర్కెస్ట్రా కూడా కండక్టర్ లేకుండా పేరు తెచ్చుకుంది. అయితే అది చిన్న జట్టు, పైగా కండక్టర్ ఒక్క మాటతో తేల్చేసే సంగతిని అందరూ కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలి, రిహార్సల్ టైం పెరుగుతుంది.

రాసినవాడే ఎందుకు నడిపించకూడదు

చిన్నాన్న ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెప్పొచ్చు. కంపోజర్ బుర్రలో ఆ సంగీతం అప్పటికే పూర్తిగా వినబడుతుంటుంది, హాల్లో నిజంగా ఏం వినబడుతోందో పట్టుకోవడానికి కొత్త చెవులు కావాలి. రిహార్సల్స్ మూడో నాలుగో ఉంటాయి, ఒక్కోటి రెండున్నర గంటలు. వాయించే ఒక్కొక్కరి దగ్గరా తన వరస కాగితం మాత్రమే ఉంటుంది, ఇరవై పైచిలుకు వరసలున్న మొత్తం స్కోరు ఉండేది కండక్టర్ దగ్గరే. ఆ కొద్ది గంటల్లో ఎక్కడ ఆపాలి, ఏ ఇత్తడి వాళ్ళని తగ్గమనాలి అన్నది వేరే విద్య. రాజా గారు స్టూడియోలో తన రికార్డింగులు తనే నడిపించిన మనిషి, చేతకాక కాదు.

1824 మే 7న వియన్నాలో బీథోవెన్ తొమ్మిదో సింఫనీ మొదటిసారి వాయించిన రోజు ఇంకా గట్టి ఉదాహరణ. అప్పటికి ఆయనకి చెవులు దాదాపు వినబడవు. స్టేజీ మీదే నించుని పేజీలు తిప్పుతూ చేతులూపాడు, కానీ వాయించేవాళ్ళు చూసింది పక్కనున్న మైకేల్ ఉమ్లౌఫ్‌ని. జనం చప్పట్లు కొడుతున్నారని ఆయనకి తెలీలేదు, గాయని కరోలిన్ ఉంగర్ భుజం పట్టుకుని వెనక్కి తిప్పితే అప్పుడు చూశాడు.

ఇదంతా చెప్పాక చిన్నాన్నకి అయిదో సింఫనీ వీడియో పెట్టి, ఫోన్ సౌండ్ తీసేసి, మొదటి స్వరం ఎప్పుడు పడుతుందో బల్ల మీద కొట్టమన్నాను. మొదటిసారి తొందరపడ్డాడు, చెయ్యి కింద తగలగానే కొట్టేశాడు. రెండోసారి కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ దగ్గరగా పట్టుకుని, ఆ చిన్న ఖాళీ వదిలి సరిగ్గా తర్వాత మూడు దెబ్బలేశాడు. మూడోసారి కొట్టడం మానేసి వీడియో ఆపి, వేలితో తెర మీద చూపించాడు. "సెయ్యి కాదురా, నోరు సూడు. ఆలందరి కంటే ముందు ఈయన ఊపిరి తీస్తన్నాడు."